షార్క్స్ కుర్రాళ్ళూ ప్రపంచ జూనియర్ పోటీలూ: రెండు వారాల ఆటను ఎంతవరకు నమ్మాలి?

శాన్‌హోసే_శాస్త్రి

2023-24 సీజనులో 47 పాయింట్లు, 2024-25లో 52 పాయింట్లు సాధించి మన శాన్ హోసే షార్క్స్ జట్టు వరుసగా రెండేళ్ళు ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగు ఎన్‌హెచ్‌ఎల్ పట్టికలో అట్టడుగున నిలిచింది. ఓటమి నాకు కొత్త కాదు. 2016లో ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఫైనల్లో పిట్స్‌బర్గ్ చేతిలో ఓడిన రోజున కూడా నేను ఈ జట్టు అభిమానినే. అయితే ఓటమి కంటే ఓదార్పే నన్ను ఎక్కువగా విసిగిస్తున్నది. ప్రతి జనవరిలోనూ ఇరవై ఏళ్ళలోపు వారి ప్రపంచ చాంపియన్‌షిప్ ముగియగానే, మన ప్రాస్పెక్టులలో (మన క్లబ్బు హక్కులు పొందిన, ఇంకా ఎదుగుతున్న కుర్రాళ్ళలో) ఎవరు ఏ పతకం తెచ్చారో, ఎవరు ఎన్ని గోల్స్ చేశారో లెక్కగట్టి, ఇంకో మూడేళ్ళలో కప్పు మనదేనని పండగ చేసుకోవడం ఆనవాయితీ అయిపోయింది. గరిష్ఠంగా ఏడు మ్యాచ్‌లు ఆడే ఒక టోర్నమెంటును చూసి, 82 మ్యాచ్‌ల సీజనులో పెద్దవాళ్ళ మధ్య ఒక కుర్రవాడు ఎలా నిలబడతాడో నిజంగా చెప్పగలమా? ఈ 2025 డిసెంబరు 26న మిన్నెసోటాలో ఆ తంతు మళ్ళీ మొదలవుతుంది, ఈసారి మన కొత్త ప్రాస్పెక్టు మైకేల్ మీసా పేరు మారుమోగుతుంది. అంతకంటే ముందే తెలిసినవాళ్ళ అభిప్రాయాలు వినాలని ఈ చర్చ ప్రారంభిస్తున్నాను.

నాలుగో_లైను

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు. మనవాళ్ళు సోమలింగం పేరున జెర్సీ కూడా కుట్టించి అమ్ముతున్నారు.

టొరంటో_తెనాలి

శాస్త్రి గారూ, ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత మా టొరంటో వాళ్ళకున్నంతగా ఇంకెవరికీ లేదు. 2006లో ఈ పోటీలు వాంకూవర్‌లో జరిగినప్పుడు కెనడా గోలీ (గోల్‌కీపరు) జస్టిన్ పాగీ మూడు మ్యాచ్‌లలో ప్రత్యర్థికి ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. రష్యాపై 5-0తో గెలిచిన ఫైనల్ వాటిలో ఒకటి. అతడు మా మేపుల్ లీఫ్స్ ప్రాస్పెక్టు. అదే టోర్నమెంటులో ఉత్తమ గోలీ బహుమతి మాత్రం ఫిన్లాండ్ కుర్రవాడు టూకా రాస్క్‌కు దక్కింది. విచిత్రమేమిటంటే, 2005 డ్రాఫ్ట్‌లో (క్లబ్బులు వంతులవారీగా కుర్రాళ్ళను ఎంచుకునే ఏటేటి కార్యక్రమంలో) 21వ స్థానంలో తీసుకున్న ఆ రాస్క్ కూడా అప్పటికి మావాడే. ఇద్దరు గోలీలు అక్కర్లేదనుకున్నారో, బంగారు పతకం మెరుపుకు కళ్ళు చెదిరాయో గాని, ఆ జూన్‌లోనే రాస్క్‌ను బోస్టన్‌కు ఇచ్చి ఆండ్రూ రేక్రాఫ్ట్‌ను తెచ్చుకున్నారు. పాగీ ఎన్‌హెచ్‌ఎల్‌లో మొత్తం ఏడు మ్యాచ్‌లు ఆడాడు. రాస్క్ 2014లో లీగులో అత్యుత్తమ గోలీకి ఇచ్చే వెజినా ట్రోఫీ గెలిచాడు. నాకు ఇప్పటికీ ఆ బదిలీ గుర్తొస్తే అన్నం సయించదు.

బోస్టన్_భాస్కరం

మీ ఉదారతకు మా ఊరు ఎప్పటికీ రుణపడి ఉంటుంది, తెనాలి గారూ.

మంచుకత్తి

ఒక పాగీని చూపించి టోర్నమెంటునంతా కొట్టిపారేయడం న్యాయం కాదు. 2007లో ఇదే పోటీలో అత్యంత విలువైన ఆటగాడిగా ఎంపికైన గోలీ కేరీ ప్రైస్, ఆ తరువాత మాంట్రియల్‌లో ఎంత గొప్పగా రాణించాడో అందరికీ తెలుసు. నా అభిప్రాయంలో పరిశీలించవలసింది పాయింట్ల (గోల్స్, గోల్స్‌కు అందించిన పాసులు అంటే అసిస్టులు కలిపి) సంఖ్యను కాదు, ఆ పాయింట్లు సాధించిన వయసును. ఈ పోటీ ప్రధానంగా పందొమ్మిదేళ్ళవాళ్ళది. ఆ వయసులో రెండేళ్ళ తేడా అంటే భుజబలంలోను, స్కేటింగ్ వేగంలోను, ఆటను చదివే తీరులోను చాలా తేడా. 2024లో గోథెన్‌బర్గ్‌లో మాక్లిన్ సెలెబ్రీని పదిహేడేళ్ళ వయసులో, ఇంకా డ్రాఫ్ట్ కూడా కాకముందే, ఐదు మ్యాచ్‌లలో ఎనిమిది పాయింట్లతో కెనడా జట్టులో మొదటి స్థానంలో నిలిచాడు. తనకంటే పెద్దవాళ్ళున్న జట్టును పదిహేడేళ్ళవాడు ముందుండి నడిపించడం రెండు వారాల్లో తెలిసినా పెద్ద విషయమే. ఆ జూన్‌లో మనం అతడిని మొదటి స్థానంలో తీసుకున్నాము, మొదటి సీజనులోనే 70 మ్యాచ్‌లలో 63 పాయింట్లు చేశాడు. పువ్వు పుట్టగానే పరిమళించిందా లేదా?

లెక్కల_మాస్టారు

ఆ ఎనిమిది పాయింట్లలో ఐదు లాట్వియాపై 10-0తో గెలిచిన ఒక్క మ్యాచ్‌లోనే వచ్చాయని కూడా చెప్పాలి కదా, మంచుకత్తి గారూ. క్వార్టర్ ఫైనల్లో చెకియా చివరి పన్నెండు సెకన్ల లోపల గోల్ చేసి 3-2తో కెనడాను ఇంటికి పంపింది.

ఈ టోర్నమెంటుతో ఉన్న ప్రధానమైన చిక్కు ఇదే. పది జట్లలో నాలుగైదు బలమైనవి, మిగిలినవాటిలో ఒకటి రెండు ప్రతి ఏడూ పెద్ద జట్ల చేతిలో చిత్తుగా ఓడిపోతాయి. 1993లో స్వీడన్ ఆటగాడు పీటర్ ఫోర్స్‌బర్గ్ ఏడు మ్యాచ్‌లలో 31 పాయింట్లు చేశాడు, అది ఇప్పటికీ చెక్కుచెదరని రికార్డు. అందులో పది పాయింట్లు జపాన్‌పై 20-1తో గెలిచిన మ్యాచ్‌లోవి. 2023లో కానర్ బెడార్డ్ 23 పాయింట్లు చేసినప్పుడు జర్మనీపై ఏడు, ఆస్ట్రియాపై ఆరు, అంటే సగానికి పైగా రెండు బలహీనమైన జట్లపైనే వచ్చాయి. ఫోర్స్‌బర్గ్ గొప్పవాడు కాడనో, బెడార్డ్ తక్కువవాడనో నేను అనడం లేదు. పట్టికలో మొత్తం సంఖ్యను మాత్రమే చూసేవారికి ఈ తేడా కనిపించదు. చిన్న జట్లపై వచ్చిన పాయింట్లు తీసివేసి, మిగిలిన మూడు నాలుగు మ్యాచ్‌లే చూస్తే, దాని మీద ఏ నిర్ధారణకు రావడానికీ ఆధారం చాలదు.

టొరంటో_తెనాలి

వయసు సిద్ధాంతానికి ఒక చేదు ఉదాహరణ చెబుతాను. 2016లో హెల్సింకిలో ఫిన్లాండ్ బంగారు పతకం గెలిచినప్పుడు 17 పాయింట్లతో అత్యంత విలువైన ఆటగాడిగా నిలిచినవాడు యెస్సే పుల్యుయార్వి. అప్పటికి అతనికి కూడా సరిగ్గా పదిహేడేళ్ళే. ఎడ్మంటన్ అతడిని నాలుగో స్థానంలో ఎంచుకుంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో అతడు ఎన్నడూ ఆ స్థాయిని అందుకోలేదు. అదే లైనులో అతని పక్కన ఆడిన సెబాస్టియన్ అహో, అంతకు ముందటి ఏడాది డ్రాఫ్ట్‌లో 35వ స్థానం దాకా ఎవరూ పట్టించుకోనివాడు, కరోలినాకు మూలస్తంభమయ్యాడు.

మంచుకత్తి

పుల్యుయార్విని ఎడ్మంటన్ తొందరపడి పై స్థాయికి తీసుకురావడం, ఆ తరువాత అతనికి తుంటి శస్త్రచికిత్సలు అవసరం కావడం కూడా లెక్కలోకి తీసుకోవాలి. టోర్నమెంటు చెప్పినది తప్పని అంత సులువుగా తేల్చలేము. ప్రతిభ ఉన్నదని మాత్రమే టోర్నమెంటు చెప్పింది, దానిని ఎలా పెంచాలో చెప్పలేదు.

లెక్కల_మాస్టారు

పారితే టోర్నమెంటు గొప్పదనం, పారకపోతే ఎడ్మంటన్ లోపం. ఈ పద్ధతిలో మీ సిద్ధాంతం ఎన్నడూ ఓడదు.

కొత్తప్రేక్షకుడు

నేను ఫ్రీమాంట్‌కు వచ్చి కొద్దికాలమే అయింది, ఆట ఇప్పుడిప్పుడే అర్థమవుతున్నది. డ్రాఫ్ట్‌లో తీసుకున్న కుర్రవాడు వెంటనే మన జట్టులో ఎందుకు ఉండడు? ఈ ప్రాస్పెక్టులందరూ ఎక్కడెక్కడో ఆడుతుంటే వాళ్ళను మనవాళ్ళని ఎలా అంటున్నారు?

పాతకాపు

డ్రాఫ్ట్‌తో క్లబ్బుకు దక్కేది ఆ ఆటగాడితో ఒప్పందం చేసుకునే హక్కు మాత్రమే. పద్దెనిమిదేళ్ళకు డ్రాఫ్ట్ అయినవారిలో నేరుగా ఎన్‌హెచ్‌ఎల్‌లో నిలదొక్కుకునేవారు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. మిగిలినవారిలో కొందరు కెనడా మేజర్ జూనియర్ లీగులలో, కొందరు అమెరికా విశ్వవిద్యాలయ జట్లలో, కొందరు యూరప్‌లోని తమ దేశాల లీగులలో ఆడుతూ ఎదుగుతారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కెనడా జూనియర్ లీగు నుంచి డ్రాఫ్ట్ అయిన కుర్రవాడు ఇరవై ఏళ్ళు నిండే దాకా సాధారణంగా ఎన్‌హెచ్‌ఎల్ కింది స్థాయి లీగైన ఏహెచ్‌ఎల్‌లో ఆడడానికి వీలులేదు. అంటే శాన్ హోసేలోనే టెక్ సీయూ అరీనాలో ఆడే మన అనుబంధ జట్టు బారకూడాకు అతడిని పంపలేము. ఉంటే ఎన్‌హెచ్‌ఎల్‌లో ఉండాలి, లేదా వెనక్కి జూనియర్ లీగుకు వెళ్ళాలి. జూనియర్ లీగులో ఇక నేర్చుకోవలసినదేమీ లేకపోయినా, ఎన్‌హెచ్‌ఎల్‌కు ఇంకా సిద్ధం కాకపోయినా మధ్యేమార్గం లేదు. లీగుకూ ఆటగాళ్ళ సంఘానికీ మధ్య కుదిరిన కొత్త ఒప్పందం ప్రకారం 2026-27 నుంచి ఒక్కో క్లబ్బు ఒక పందొమ్మిదేళ్ళవాడిని ఏహెచ్‌ఎల్‌కు పంపుకోవచ్చు. దీనికి తోడు 2025 నుంచి జూనియర్ లీగులలో ఆడినవారికి కూడా అమెరికా విశ్వవిద్యాలయాల తలుపులు తెరుచుకున్నాయి. కాబట్టి రాబోయే ఐదేళ్ళలో ఈ దారులన్నీ మారిపోతాయి.

జూనియర్ ప్రపంచ పోటీకి ఇంత ప్రాముఖ్యం రావడానికి కూడా కారణం ఇదే. వేర్వేరు లీగులలో, వేర్వేరు పద్ధతులలో పెరుగుతున్న కుర్రాళ్ళందరూ ఒకే మంచు మీద ఎదురెదురు పడే ముఖ్యమైన సందర్భం ఇదే.

కొత్తప్రేక్షకుడు

ఇప్పుడు అర్థమైంది. మరి మన కుర్రాళ్ళలో వినిపించే విల్ స్మిత్ అంటే సినిమా నటుడు కాదన్నమాట.

నాలుగో_లైను

కాదు. ఈయన చెంపదెబ్బలు కొట్టడు, పాసులు ఇస్తాడు.

బోస్టన్_భాస్కరం

విల్ స్మిత్ గురించి నాలుగు మాటలు. 2023 డ్రాఫ్ట్‌లో నాలుగో స్థానంలో తీసుకున్న ఈ కుర్రవాడు 2024 జనవరిలో అమెరికాకు బంగారు పతకం తెచ్చిన జట్టులో ఉన్నాడు. ఫైనల్లో స్వీడన్‌ను దాని సొంతగడ్డ మీదే 6-2తో ఓడించారు. ఓడిన స్వీడన్ జట్టులో మన ఫిలిప్ బిస్టెట్ ఉన్నాడు కాబట్టి, ఆ రోజు గెలిచినదీ ఓడినదీ షార్క్సే అని చెప్పుకోవచ్చు. కాని నేను స్మిత్‌ను నమ్మినది ఆ పతకం చూసి కాదు. అదే సీజనులో బోస్టన్ కాలేజీ తరఫున 41 మ్యాచ్‌లలో 71 పాయింట్లతో దేశంలోని విశ్వవిద్యాలయ ఆటగాళ్ళందరిలో మొదటి స్థానంలో నిలిచాడు. ఆ మ్యాచ్‌లలో కొన్ని నేను స్వయంగా చూశాను. పక్ (ఈ ఆటలో బంతికి బదులు వాడే బిళ్ళ) తన దగ్గరికి వచ్చినప్పుడు ఒక క్షణం ఆగి, ఎదుటి డిఫెన్స్‌మన్ ముందు అడుగు వేసేదాకా చూసి, అప్పుడు పాస్ ఇచ్చేవాడు. సెలెబ్రీని సంగతి కూడా ఇంతే. బోస్టన్ యూనివర్సిటీలో 38 మ్యాచ్‌లలో 64 పాయింట్లు చేసి, కాలేజీ ఆటగాళ్ళకిచ్చే హోబీ బేకర్ అవార్డు అందుకున్నవారిలో అతి పిన్నవయస్కుడయ్యాడు. నెలల తరబడి సాగిన ఈ ఆధారాలుండగా గోథెన్‌బర్గ్‌లో ఏమి జరిగిందో ఎవరికి కావాలి?

శాన్‌హోసే_శాస్త్రి

భాస్కరం గారు చెప్పినది నా మనసులోని మాట. కాని స్మిత్ అంత సిద్ధమైనవాడే అయితే, మొదటి సీజను ఆరంభంలో వరుస రోజుల్లో మ్యాచ్‌లు వచ్చినప్పుడు రెండోదానికి కూర్చోబెట్టారెందుకు? చివరికి 74 మ్యాచ్‌లలో 45 పాయింట్లు చేశాడు, తక్కువేమీ కాదు గాని...

పాతకాపు

కూర్చోబెట్టడం శిక్ష కాదు. కాలేజీ సీజనులో నలభై చిల్లర మ్యాచ్‌లు, అవీ ఎక్కువగా వారాంతాలలో. అలాంటి కుర్రవాడిని హఠాత్తుగా 82 మ్యాచ్‌లలోకి తోస్తే శరీరం తట్టుకోదు. ఖాళీ రోజుల్లో బరువులెత్తించారు, వీడియోలు చూపించారు. సీజను రెండో సగంలో అతని ఆట చూసినవారికి దాని ఫలితం తెలుసు. ఇంటి వాతావరణం కోసం ఆ ఏడాది షార్క్స్ పాత దిగ్గజాల ఇళ్ళలో, సెలెబ్రీనిని జో థార్న్‌టన్ ఇంట్లో, స్మిత్‌ను పాట్రిక్ మార్లో ఇంట్లో ఉంచారు.

నాలుగో_లైను

అమీర్‌పేటలో పేయింగ్ గెస్టుగా ఉన్నప్పుడు నాకు దొరికినది ఉప్మా మాత్రమే. వీళ్ళకు 1,500కు పైగా మ్యాచ్‌లు ఆడిన ఇంటి యజమానులు దొరికారు.

రింకు_నాన్న

మా అమ్మాయి ఇక్కడే పిల్లల జట్టులో డిఫెన్స్ ఆడుతుంది కాబట్టి వేరే కోణం నుంచి చెబుతాను. సెలెబ్రీని తండ్రి గోల్డెన్ స్టేట్ వారియర్స్ సంస్థలో ఆటగాళ్ళ ఆరోగ్య విభాగాన్ని చూసే ఉపాధ్యక్షుడు. కుటుంబం ఇక్కడికి వచ్చినప్పుడు మాక్లిన్ మన జూనియర్ షార్క్స్‌లో ఆడాడు. మా పిల్లలు ప్రాక్టీసు చేసే రింకులలోనే ఆడిన కుర్రవాడు ప్రపంచ పోటీలలో కెనడా జెర్సీ వేసుకుని కనిపించినప్పుడు, తెల్లవారుజామున ఐదింటికి నిద్ర లేవడం గురించి మా ఇంట్లో కొన్నాళ్ళు గొడవ జరగలేదు. పాయింట్ల పట్టికలో అది కనిపించదు.

మన భారతీయ కుటుంబాలలో చాలామందికి ఈ ఆట అంటే ఖర్చు, దెబ్బలు అనే భయం ఉంది. ఖర్చు సంగతి నిజమే, స్కేట్లు కొన్న ఏడాదికే పాదం పెరిగిపోతుంది. కాని పంజాబీ తండ్రికి పుట్టిన మానీ మల్హోత్రా 2000 సంవత్సరంలో ఇదే ప్రపంచ జూనియర్ పోటీలో కెనడాకు కెప్టెన్‌గా కాంస్యం తెచ్చాడని, ఆ తరువాత 2009-10లో మన షార్క్స్‌కే ఆడాడని చెబితే మా బంధువులెవరూ నమ్మలేదు. అతడు 2025లో కోచ్‌గా అబాట్స్‌ఫర్డ్ జట్టును ఏహెచ్‌ఎల్ విజేతను చేశాడు.

లెక్కల_మాస్టారు

పిల్లలకు ఉత్సాహం కలిగించడంలో టోర్నమెంటు విలువను ఎవరూ కాదనరు. క్లబ్బు తన నిర్ణయాలను దాని మీద ఆధారపడి తీసుకోవచ్చా అన్నది ప్రశ్న.

పాతకాపు

మాస్టారూ, నిర్ణయాలు తీసుకోకూడదు గాని, ఎదుటివారు తీసుకునే తప్పుడు నిర్ణయాల వల్ల లాభపడవచ్చు. 2021 జనవరిలో కెనడా గోలీ డెవన్ లీవైకి ఉత్తమ గోలీ బహుమతి వచ్చింది. డ్రాఫ్ట్‌లో ఏడో రౌండులో ఫ్లోరిడా తీసుకున్న ఈ కుర్రవాడి విలువ ఆ రెండు వారాల్లో ఆకాశాన్నంటింది. ఏడు నెలలు తిరక్కుండానే ఫ్లోరిడా అతడిని, ఒక మొదటి రౌండు ఎంపికను (డ్రాఫ్ట్‌లో ఆటగాడిని ఎంచుకునే వంతును) బఫెలోకు ఇచ్చి శామ్ రైన్‌హార్ట్‌ను తెచ్చుకుంది. రైన్‌హార్ట్ 2023-24లో 57 గోల్స్ చేశాడు, ఫ్లోరిడా 2024లోను, 2025లోను స్టాన్లీ కప్ గెలిచింది. లీవై 2025లో కూడా బఫెలోలో తన చోటు వెతుక్కుంటూనే ఉన్నాడు. ఇదే మన తెనాలి గారి పాగీ కథను తిరగేసి చదివినట్లుంటుంది: ఆ జనవరి మెరుపును టొరంటో నమ్మింది, ఫ్లోరిడా అమ్మింది.

మన జనరల్ మేనేజర్ మైక్ గ్రియర్ కూడా బదిలీలలో ఆరితేరినవాడే. టిమో మయర్‌ను న్యూజెర్సీకి ఇచ్చినప్పుడు వచ్చిన ఎంపికతో క్వెంటిన్ మస్టీని తీసుకున్నాడు. ఎరిక్ కార్ల్‌సన్‌ను ఇచ్చినందుకు పిట్స్‌బర్గ్ నుంచి వచ్చిన 14వ ఎంపికకు మరో 42వ ఎంపికను జోడించి బఫెలోకు ఇచ్చి, 11వ స్థానానికి ఎగబాకి శామ్ డికిన్సన్‌ను పట్టుకున్నాడు. తొమాష్ హెర్టల్‌ను లాస్ వేగాస్‌కు ఇచ్చినప్పుడు వచ్చిన డేవిడ్ ఎడ్‌స్ట్రమ్‌ను, మొదటి రౌండు ఎంపికను నాష్‌విల్‌కు పంపి గోలీ యారొస్లావ్ అస్కారోవ్‌ను తెచ్చాడు. ఆ ఎడ్‌స్ట్రమ్ 2024లో రజతం గెలిచిన స్వీడన్ జట్టు సభ్యుడు.

టొరంటో_తెనాలి

"టొరంటో నమ్మింది, ఫ్లోరిడా అమ్మింది." పాతకాపు గారూ, పుండు మీద కారం చల్లడానికి ప్రాస కూడా కావలసి వచ్చిందా?

మంచుకత్తి

అస్కారోవ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 2020లో రష్యా రజతం గెలిచిన టోర్నమెంటులో అతని ఆట నిలకడగా సాగలేదు. ఆ ఒక్కదాన్ని చూసి ఉంటే నాష్‌విల్ అతడిని అదే ఏడాది 11వ స్థానంలో తీసుకునేది కాదు.

లెక్కల_మాస్టారు

అంటే మీరు నా పక్షానికి వచ్చారన్నమాట.

మంచుకత్తి

రాలేదు. గోలీలకు మినహాయింపు ఇస్తున్నాను, అంతే.

రింకు_నాన్న

అసలు ఆ పోటీలో ఆడే అవకాశమే రానివారి మాటేమిటి? ఈగోర్ చెర్నిషోవ్‌ను 2024లో 33వ స్థానంలో తీసుకున్నాము. 2022 నుంచి రష్యా జట్టును అంతర్జాతీయ పోటీలకు అనుమతించనందువల్ల అతడు ఒక్కసారి కూడా జూనియర్ ప్రపంచ పోటీ ఆడలేదు, ఇక వయసు కూడా దాటిపోయింది. 2024-25లో జూనియర్ లీగు జట్టు సాగినావ్ స్పిరిట్‌కు వచ్చి మీసాతో కలిసి ఆడినప్పుడుగాని ఇక్కడివారికి అతని విలువ తెలియలేదు. విలియం ఎక్లుండ్‌కు 2021 పోటీ కోవిడ్ వల్ల తప్పిపోయింది. అయినా 2024-25లో మనకు 58 పాయింట్లు చేసి పెట్టాడు.

నాలుగో_లైను

రష్యా విషయంలో ఆ సమాఖ్య ద్వంద్వ వైఖరి గురించి నేను ఒక వ్యాసమే రాయగలను.

నిర్వాహకుడు

రాయవద్దని మనవి. రాజకీయాలకు వేరే విభాగం ఉంది, దయచేసి ఇక్కడ ఆట గురించే మాట్లాడండి.

బోస్టన్_భాస్కరం

రింకు నాన్న గారు చెప్పినదానికి మీసానే పెద్ద ఉదాహరణ. 2025 జనవరిలో ఒటావాలో సొంతగడ్డ మీద ఆడిన కెనడా జట్టులో అతనికి చోటు ఇవ్వలేదు. ఆ జట్టు గోల్స్ కోసం కటకటలాడి, షూటౌట్‌లో లాట్వియా చేతిలో ఓడి, క్వార్టర్ ఫైనల్లో మళ్ళీ చెకియా చేతిలోనే 4-3తో నిష్క్రమించింది. అక్కడ మన డికిన్సన్ ఉన్నాడు గాని ఒక డిఫెన్స్‌మన్ ఎన్ని లోట్లు పూడుస్తాడు! మరోవంక మీసా సాగినావ్‌లో 65 మ్యాచ్‌లలో 62 గోల్స్, 72 అసిస్టులు, మొత్తం 134 పాయింట్లు చేశాడు. ఆ జూన్‌లో రెండో స్థానంలో మనకు దక్కాడు. జనవరి పోటీని కొలబద్దగా పెట్టుకుని ఉంటే అతని పేరే ఎవరికీ గుర్తుండేది కాదు.

పాతకాపు

దీనికి ఇంకో పార్శ్వం కూడా ఉంది. నిజంగా అందరికంటే మెరుగైన కుర్రాళ్ళు ఈ పోటీకి రారు, ఎందుకంటే వాళ్ళు అప్పటికే ఎన్‌హెచ్‌ఎల్‌లో ఉంటారు. సెలెబ్రీనికి వయసు ప్రకారం ఈ 2025 డిసెంబరులో కూడా అర్హత ఉంది. గత ఏడాదీ ఉంది, మనవాళ్ళు పంపలేదు. అందరూ వస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి, 2004-05లో ఎన్‌హెచ్‌ఎల్ లాకౌట్ అయినప్పుడు చూశాము. అంతకు ముందు సీజను బోస్టన్‌లో ఆడిన పాట్రిస్ బెర్జరాన్ ఖాళీగా ఉండడం వల్ల కెనడా జూనియర్ జట్టుకు వచ్చాడు. అతని పక్కన సిడ్నీ క్రాస్బీ. ఆరు మ్యాచ్‌లలో ప్రత్యర్థులకు మొత్తం ఏడు గోల్స్ మాత్రమే ఇచ్చి, ఒవెచ్కిన్, మాల్కిన్ ఉన్న రష్యాను ఫైనల్లో 6-1తో ఓడించారు. ఇప్పుడు మనం చూసేది ఆ స్థాయి పోటీ కాదు.

శాన్‌హోసే_శాస్త్రి

అయితే అసలు ప్రశ్నకు వద్దాము. మీసా జట్టులో ఉండి డిసెంబరు నాటికి మ్యాచ్‌కు తొమ్మిది పది నిమిషాలు మాత్రమే ఆడుతున్నాడనుకోండి. కెనడా అడిగితే మిన్నెసోటాకు పంపాలా వద్దా? మీసాలు పూర్తిగా రాని వయసులో మీసాను బెంచీ మీద కూర్చోబెట్టడం నాకు నచ్చదు, పంపి దెబ్బ తగిలించుకోవడం అంతకంటే నచ్చదు.

మంచుకత్తి

నిస్సందేహంగా పంపాలి. 2022 డిసెంబరులో సియాటిల్ షేన్ రైట్‌ను, అరిజోనా డిలన్ గంథర్‌ను, లాస్ ఏంజెలిస్ బ్రాంట్ క్లార్క్‌ను ఇలాగే పంపాయి. రైట్ కెప్టెన్ అయ్యాడు, ఫైనల్ అదనపు సమయంలో చెకియాపై బంగారు పతకం తెచ్చిన గోల్ గంథర్ చేశాడు. మూడో నాలుగో లైనులో భయం భయంగా పక్ వదిలించుకునే అలవాటు పడుతున్న కుర్రవాడికి, పవర్ ప్లేలో (శిక్ష వల్ల ఎదుటి జట్టుకు ఒకరు తక్కువైన సమయంలో) పక్ తన దగ్గరే ఉంచుకుని ఆటను నడిపే అవకాశం మళ్ళీ దొరకడం చిన్న విషయం కాదు. గంథర్ 2024-25లో, అరిజోనా ఆటగాళ్ళు తరలివెళ్ళిన యూటాకు 27 గోల్స్ చేశాడు.

లెక్కల_మాస్టారు

27 గోల్స్ బంగారు గోల్ వల్ల వచ్చాయని మీరు నిరూపించలేరు. ఆ టోర్నమెంటు తరువాత అరిజోనా అతడిని జూనియర్ లీగుకు పంపింది, ఆ పైన ఏహెచ్‌ఎల్‌లో కూడా ఆడాడు. రైట్ కూడా 2023-24లో ఎక్కువ భాగం ఏహెచ్‌ఎల్‌లోనే గడిపి, ఆ తరువాతే 44 పాయింట్ల సీజను ఆడాడు. ఎవరూ ఫోటోలు తీయని ఆ మంగళవారం రాత్రుల మ్యాచ్‌లే వాళ్ళను తయారు చేశాయని నా నమ్మకం. అయినా పంపడానికి నాకు అభ్యంతరం లేదు. తొమ్మిది నిమిషాల కంటే ఇరవై నిమిషాలు మేలు. ఆ ఇరవై నిమిషాలు చూసి మన విలేకరులు ఏమి రాస్తారన్నదే నా భయం.

పాతకాపు

నేనైతే అక్కడ అతని గోల్స్ లెక్కపెట్టను. అమెరికా, స్వీడన్ లాంటి జట్లపై ఒక గోల్ ఆధిక్యంతో ఉన్నప్పుడు చివరి రెండు నిమిషాలలో కోచ్ అతడిని మంచు మీదికి పంపుతున్నాడా, ఫేస్‌ఆఫ్ (ఆట మళ్ళీ మొదలయ్యేటప్పుడు పక్ కోసం ఇద్దరి పోటీ) అతనితో వేయిస్తున్నాడా అన్నది చూస్తాను. 2016లో ఆరో స్థానంతో సరిపెట్టుకున్న కెనడా జట్టుకు కెప్టెన్ బ్రేడెన్ పాయింట్. అతడు మూడో రౌండులో 79వ స్థానంలో డ్రాఫ్ట్ అయినవాడు, టాంపాతో రెండు కప్పులు గెలిచాడు. జట్టు మునిగిపోతున్నప్పుడు ఎవరు ఎలా ఆడారో గమనించినవారికి ఆ ఏడాది కూడా ఏదో ఒకటి కనిపించే ఉంటుంది.

కొత్తప్రేక్షకుడు

మీసాతో పాటు మనవాళ్ళు ఇంకెవరికి అవకాశం ఉంది?

పాతకాపు

డికిన్సన్‌కు వయసు ప్రకారం అర్హత ఉంది. కెనడాలోని లండన్ నైట్స్‌తో 2025లోనే జూనియర్ క్లబ్బుల మెమోరియల్ కప్ గెలిచాడు. కాకపోతే అతడు మన జట్టులోనే స్థిరపడితే పంపరు. గోలీలలో 2025 జూన్‌లో 30వ స్థానంలో తీసుకున్న ప్రిన్స్ జార్జ్ జూనియర్ జట్టు కుర్రవాడు జాషువా రావెన్స్‌బర్గెన్ పోటీలో ఉంటాడు. గోలీ పండడానికి ఇరవై నాలుగు, ఇరవై ఐదేళ్ళు పడుతుంది, డ్రాఫ్ట్ అయినప్పుడు అతనికి పద్దెనిమిదే.

శాన్‌హోసే_శాస్త్రి

రావెన్స్‌బర్గెన్ ఎంపికై, ఫైనల్లో ఒక్క గోల్ కూడా ఇవ్వకపోతే?

టొరంటో_తెనాలి

బోస్టన్ నుంచి ఫోన్ వస్తే ఎత్తకండి.